ఎడమ గొట్టం

జూన్ 3

పెదనాన్నగారికి, మీ తమ్ముడి కూతురు నమస్కరించి రాస్తున్నది.

ఈ చేతిరాత మీకు తెలియదు. ఎనిమిదేళ్లప్పుడు మీ దుకాణంలో పనిబల్ల ఎక్కి కూర్చుని, సన్నవీ ముతకవీ ఆకురాళ్లన్నీ కలగాపులగం చేసి మీచేత తిట్లు తిన్నదాన్ని నేనే. ఇప్పుడు నాకు ముప్పై నాలుగు. ఇరవై ఆరేళ్లు ఉలుకూ పలుకూ లేకుండా ఉండి, మొదటి ఉత్తరంలోనే పని చెబుతోందేమిటి ఈ పిల్ల అనుకుంటారు. అనుకోండి, కానీ చివరిదాకా చదవండి.

నేను మ్యూజియంలో పనిచేస్తున్నాను. పాత ఆయుధాల గది నాకు అప్పగించారు. అందులో ఇరవై రెండు జోడు గొట్టాల తుపాకులున్నాయి. కొన్ని ఒక పెద్ద కుటుంబం వాళ్లు ఇచ్చినవి, కొన్ని కోర్టు గోదాము ఖాళీ చేసినప్పుడు వచ్చినవి. ఏది ఎవరు తయారుచేశారో, ఎప్పటిదో, ఎవరెవరు బాగుచేశారో ఆగస్టు నెలాఖరులోగా రిజిస్టరులో ఎక్కించాలి. తర్వాత దాన్ని పుస్తకంగా అచ్చు వేస్తారు. అచ్చయ్యాక దిద్దడానికి ఉండదు. ఈ ముద్రలు నాకు చీమలు పాకినట్టు కనిపిస్తున్నాయి. ఫోటో తీస్తే ఇనుము మెరుపులో కలిసిపోతున్నాయి. అందుకని పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది, ఒక తుపాకీ ముద్రలు దీనితో పంపుతున్నాను.

నాన్న ఉంటే ఆయన్నే అడిగేదాన్ని అని రాయబోయి ఆగిపోయాను. అడిగేదాన్ని కాదు. ఇంట్లో తుపాకీ మాట ఎత్తితే ఆయన తింటున్న కంచం ముందునుంచి లేచి వెళ్లిపోయేవారు. కుట్టుమిషన్లు బాగుచేస్తూనే బతికారు, అలాగే పోయారు.

అమ్మకి ఈ సంగతి చెప్పలేదు. జవాబు ఆఫీసు చిరునామాకి రాయండి.

మీ జవాబు కోసం చూస్తూ,
మీ తమ్ముడి కూతురు


జూన్ 11

అమ్మా గడుగ్గాయీ,

నీ ఉత్తరం మీ పెద్దమ్మ నాకంటే ముందే విప్పి చదివేసింది. మోకాళ్ల నొప్పులతో కుంటుకుంటూ, కళ్లు తుడుచుకుంటూ తెచ్చి ఇస్తే ఎవరో పోయారేమోనని హడలిపోయాను. నాకు చెవులు సరిగా పనిచేయవు. నలభై ఏళ్లు తుపాకులు పేల్చి చూసినవాడికి చెవులు మిగలవు. కళ్లు మాత్రం భూతద్దంతో ఇంకా నడుస్తున్నాయి. కాబట్టి ఉత్తరమే మంచిది.

ముందు పాఠం విను. రెండు గొట్టాల మధ్య పట్టీ మీద పెద్ద పెద్ద అక్షరాలతో ఒక పేరు ఉంటుంది చూడు, దాన్ని అన్నిటికంటే చివర నమ్ము. అది అమ్మిన దుకాణం వాడి పేరు కావచ్చు. పేరున్న వాడి పేరులో ఒక్క అక్షరం మార్చి చెక్కిన దొంగ పేరు కావచ్చు. గొట్టాలు విప్పి, తిరగేసి, అడుగున చూడు. నలుగురూ చూడని చోట ఎవడూ పనిగట్టుకుని అబద్ధాలు చెక్కడు. అంత ఓపిక ఎవడికుంటుంది?

అడుగున పరీక్ష ముద్ర ఉంటుంది. తుపాకీ తయారయ్యాక మామూలుకంటే ఎక్కువ మందు దట్టించి పేలుస్తారు. తట్టుకుంటే ఆ ముద్ర కొడతారు, చితికిపోతే పారేస్తారు. ఆ పక్కనే నంబరు. అదే నంబరు మూడు చోట్ల ఉండాలి: గొట్టాల అడుగున, గొట్టాలు కూర్చునే ఇనుప దిమ్మ మీద, ఎడమచెయ్యి పట్టుకునే ముందు చెక్కకి లోపలున్న ఇనుప ముక్క మీద. మూడూ ఒకటైతే ముగ్గురూ ఒక తల్లి బిడ్డలు. కాకపోతే ఎక్కడో సంసారం చెడిందన్నమాట.

నువ్వు పంపినది మంచి తుపాకీ. చేత్తో చెక్కిన అక్షరం. ఉలి దిగిన వైపు లోతు, తేలిన వైపు నునుపు. పెన్సిల్ ఒకవైపే నల్లబడింది చూశావా? అచ్చుతో కొట్టిన అక్షరమైతే అన్ని వైపులా ఒకేలా ఉంటుంది. ఇది నూట ఇరవై ఏళ్ల కిందటిది. రాసేసుకో, తప్పయితే నా చెవి మెలెయ్యి. ఎలాగూ పనికిరాని చెవే.

మిగతావి కూడా పంపు. తొందరేం లేదు అనను, నాకు తొందరగానే ఉంది. చాలా కాలానికి చేతికి పని తగిలింది.

ఆశీస్సులతో,
పెదనాన్న


జూన్ 24

పెదనాన్నా,

‘గారు’ తీసేశాను. గడుగ్గాయి అని పిలిపించుకున్నాక ఇంక మర్యాదలేమిటి?

మీ పాఠం చదివాక పదిహేడు తుపాకులు నా అంతట నేనే చదువుకున్నాను. అందులో రెండు దొంగ పేర్లు దొరికాయి. మా అధికారి నన్ను కొత్తగా చూడటం మొదలుపెట్టారు. తుపాకీ విప్పినప్పుడల్లా ఆయన పక్కనే నిలబడాలని నియమం. పాపం, నిలబడి నిలబడి ఇప్పుడు ఆయనకి కూడా ముద్రల పిచ్చి పట్టుకుంది.

ఒక్కటి మాత్రం కొరకరాని కొయ్యగా ఉంది. కోర్టు గోదాము నుంచి వచ్చింది. ఎడమ గొట్టం మొదట్లోనే, తూటా కూర్చునే చోట, చీలిపోయి అంచులు బయటికి విచ్చుకుని ఉన్నాయి. ముందు చెక్క ముక్కలైంది. చీలినప్పుడు ఒంగిపోయిందో, తుప్పు పట్టిందో, గొట్టాలు విడదీద్దామంటే కదలవు. అందుకని అడుగున ఏముందో చూడలేకపోయాను. పక్కన, పేల్చే యంత్రాన్ని పట్టి ఉంచే లాకు రేకు మాత్రం మరలు తిప్పితే ఊడొచ్చింది. దాని లోపలి వైపు, ఎవరికీ కనబడని చోట, బియ్యపు గింజంత ఆకు ముద్ర ఉంది. మధ్యలో ఈనె, కింద తొడిమ. ఇంత చిన్నది ఇంత ముచ్చటగా ఎవరు కొట్టారో!

ఏ పుస్తకంలోనూ ఈ ఆకు దొరకలేదు. బాగుచేసినవాడి ముద్రేమోనని నా అనుమానం. గొట్టం పగిలింది అతని చేతి పని వల్లనేనా? అలాగైతే ఆ మాటా రిజిస్టరులో రాయాలి. పట్టీ మీది పేరు, ఆకు ముద్ర, రెండూ రుద్ది పంపుతున్నాను.

పెద్దమ్మకి నమస్కారాలు. మోకాళ్లు ఎలా ఉన్నాయి?

మీ గడుగ్గాయి


జూలై 10

అమ్మా,

ఆ తుపాకీ సంగతి వదిలెయ్యి. చీలిన గొట్టం ఎవరికి కావాలి? ‘వివరాలు తెలియవు’ అని రాసి పక్కన పెట్టు. తెలియని ముద్రలు ప్రతిచోటా ఉంటాయి. అన్నీ తెలుసుకోవాలని లేదు.

మిగతా మూడూ పంపు, చూస్తాను.

పెద్దమ్మ మోకాళ్లు అలాగే ఉన్నాయి.

పెదనాన్న


జూలై 17

పెదనాన్నగారికి,

గోదాము నుంచి తుపాకులతోపాటు కాగితాలు కూడా వచ్చాయి. మీ ఉత్తరం అందాక కూర్చుని అవి వెతికాను. పదహారు రోజులు ఆగి నాలుగు ముక్కలు రాసినప్పుడే నాకు ఏదో తేడా కొట్టింది. ఆ తుపాకీకి కట్టిన చీటీ నంబరుతో కాగితం దొరికింది. అందులో నాన్న పేరుంది.

నాన్న నాలుగు నెలలు జైల్లో ఉన్నారని నాకు తెలుసు. తుపాకీ పేలి ఒక తోట యజమాని ఎడమచెయ్యి పోయిందనీ తెలుసు. బళ్లో నా పక్కన కూర్చోవద్దని ఎవరెవరు తమ పిల్లలకి చెప్పారో కూడా నాకు గుర్తే. కానీ నెల రోజులుగా నా చేతుల్లో తిరుగుతున్నది ఆ తుపాకీయేనని తెలియదు. మీకు తెలుసు. ఆకు చూడగానే తెలిసింది. అయినా ‘వదిలెయ్యి’ అన్నారు.

ఇంతవరకూ ఎవరికీ చెప్పని మాట ఒకటి చెబుతాను. ఆస్పత్రిలో చివరి వారం నాన్న నన్ను దగ్గరికి పిలిచి అన్నారు: “ఆ గొట్టాన్ని నేను ముట్టుకోలేదమ్మా. నీకైనా తెలియాలని చెబుతున్నాను. మీ పెదనాన్నతో మాత్రం ఎప్పుడూ అనకు.”

ఆయన ముట్టుకోలేదు. దుకాణంలో ఉన్నది మీరిద్దరే. ఇంకేం అడగాలి నేను?

నాన్న మీ తప్పు నెత్తిన వేసుకుని పోయారు. మీరు ఒక్క మాట అనకుండా ఊరుకున్నారు. ఇప్పుడు నన్ను కూడా ఊరుకోమంటున్నారు. రిజిస్టరులో ఆ ఆకు ఎవరిదో, ఆ గొట్టం పాడుచేసింది ఎవరో రాయాలి. నాన్న పేరు అచ్చులో ఇంకోసారి నేరస్థుడిగా పడనివ్వను. ఆగస్టు నెలాఖరు దాకా గడువుంది. మీ అంతట మీరే రాసి పంపితే మీ మాటలే వేస్తాను. లేకపోతే నాకు తెలిసింది రాస్తాను.

ఇంత కటువుగా రాయాల్సి వస్తుందనుకోలేదు. మీ మొదటి ఉత్తరం అమ్మకి చూపిద్దామని బ్యాగులో పెట్టుకు తిరిగాను. చూపించకపోవడమే మంచిదయింది.

మీ తమ్ముడి కూతురు


జూలై 25

అమ్మాయీ,

నీ ఉత్తరం ఈసారి నేనే ముందు చదివాను. తర్వాత మీ పెద్దమ్మకి ఇచ్చాను. తను చదివి, “ఆ గొట్టం మీరు చేశారా?” అని అడిగింది. నలభై నాలుగేళ్ల కాపురంలో నన్ను అలా ఎప్పుడూ అడగలేదు. లేదన్నాను. నీకూ అదే చెబుతున్నాను. నేను చేయలేదు.

నమ్ముతావో లేదో నీ ఇష్టం. జరిగింది మాత్రం రాస్తాను.

ఆకు ముద్ర మా ఇద్దరిదీ. మీ తాత ఒకే ఒక్క ముద్ర ఉలి చేసి ఇచ్చాడు. “ఎవరు చేసినా ఇద్దరి పనే. మంచైనా చెడైనా విడదీసి చెప్పుకోకండి” అన్నాడు. ఏ భాగం మీద పనిచేస్తే ఆ భాగం మీద, కనబడని చోట, ఆకు కొట్టాలి. నువ్వు చేశావా నేను చేశానా అని ఒకరినొకరు అడగకూడదు. అలాగే నడిచింది మా దుకాణం.

ఆ తుపాకీ మా దగ్గరికి వచ్చిన మాట నిజం. లాకులో స్ప్రింగు విరిగింది, అది మీ నాన్న వేశాడు. గొట్టాలు కీలు దగ్గర వదులయ్యాయి, ఆ సంగతి నేను చూశాను. యజమాని ఇంకో కోరిక కోరాడు. కొత్త రకం పొడుగు తూటాలు పట్టేట్టు లోపల తొలిచి పెట్టమన్నాడు. ఆ పాత గొట్టాలు దానికి ఆగవు. అయినా పెద్దమనిషి ముఖం మీద కాదనలేక “చూద్దాం లెండి” అన్నాను. మీ నాన్న అక్కడే ఉన్నాడు. అంతకుమించి ఆ పని నేను తలపెట్టలేదు. తుపాకీ తిరిగి ఇచ్చేశాం.

రెండు నెలలకి అది పేలింది. తూటా చోటు ఎవరో తొలిచారని పోలీసులు చీలికలోంచే కొలిచి తేల్చారు. లాకు రేకు విప్పి, ఈ ఆకు మీదేనా అని అడిగారు. మీ పెద్దమ్మ అప్పుడు ఆస్పత్రిలో ఉంది, ఆరో నెల బిడ్డని పోగొట్టుకుని. నేను అక్కడినుంచి పరిగెత్తుకు వచ్చేసరికి మీ నాన్న “మాదే. ఆ పని నేనే చేశాను” అని చెప్పేశాడు. నేను చేయలేదని నాకు తెలుసు. నేనే అంటున్నవాణ్ని కాదని ఎలా అంటాను? నమ్మాను.

కోపం వచ్చింది. నాతో మాట మాత్రం అనకుండా ఎందుకు చేశావురా అని అడగాలని నాలిక చివరిదాకా వచ్చింది. జైలుకి వెళ్తున్నవాణ్ని ఇంకా ఏం అడుగుతాంలే అని మింగాను. బయటికి వచ్చిన రోజు నా ఎదురుగా నిలబడి, ఏదో వినాలన్నట్టు చూశాడు. వాడే ఏదో చెబుతాడని నేనూ చూశాను. కాసేపు అలా నిలబడి ఎవరి దారిన వాళ్లం వెళ్లిపోయాం. అంతే. మళ్లీ మాటల్లేవు.

నిన్ను వదిలెయ్యమన్నది నన్ను దాచుకోవడానికి కాదు. నీ చేత్తో మీ నాన్న తప్పు రాయించడం ఇష్టంలేక.

ఇప్పుడు వాడు చేయలేదంటున్నావు. పోయేముందు కూతురితో అబద్ధమాడే మనిషి కాదు వాడు. నేనూ చేయలేదు. అలాగైతే ఒక్కటే మిగిలింది. ఆ గొట్టాల అడుగున ఇనుప కొక్కెం ఒకటి ఉంటుంది. దిమ్మలోకి దిగి కీలుని పట్టేది అదే. వదులు బిగించడానికి నేను దానికి లోహం అతికి, ఆకురాయితో సరిచేసి, పక్క మీద ఆకు కొట్టాను. నా చేత్తో కొట్టాను. గొట్టాలు ఎలాగైనా విప్పు. కీలులో సన్నటి నూనె పోసి రెండు రోజులు వదిలెయ్యి. తర్వాత చెక్క సుత్తితో, కోడిగుడ్డు తట్టినట్టు, కింద నుంచి తట్టు. తొందరపడకు. విడివడ్డాక కొక్కెం రెండు పక్కలా రుద్ది పంపు. నంబర్లు మూడూ పంపు.

పెదనాన్న


ఆగస్టు 4

పెదనాన్నగారికి,

నూనె పోసి రెండు రోజులు కాదు, అయిదు రోజులు పట్టింది. నిన్న మధ్యాహ్నం అధికారి ముందు విప్పాను. ఏం చూశానో అదే రాస్తున్నాను. నా ఊహలు కలపడంలేదు. ఒకసారి కలిపి చూశాను కదా.

దిమ్మ మీద నంబరు 7316. ముందు చెక్క ఇనుప ముక్క మీద 7316. గొట్టాల అడుగున 2948.

పరీక్ష ముద్ర మిగతా తుపాకుల మీద చూసిన రకం కాదు, చుట్టూ వలయం ఉన్న వేరే రకం. కొక్కెం రెండు పక్కలా, కిందా, వెనకా చూశాను. భూతద్దంతో అధికారి కూడా చూశారు. ఆకు లేదు. లోహం అతికిన గుర్తూ లేదు. పట్టీ మీది పేరు మళ్లీ రుద్దాను. అన్ని వైపులా ఒకేలా నల్లబడింది.

కాగితాలన్నీ పంపుతున్నాను. మీరే చెప్పండి. నాకు చెప్పే ధైర్యం లేదు.

గడుగ్గాయి


ఆగస్టు 12

తల్లీ,

అది మా దుకాణం ముఖం చూడని గొట్టం.

లాకు, దిమ్మ, ముందు చెక్క మేము చూసిన తుపాకీవే. గొట్టాలు మాత్రం వేరే తుపాకీవి. మేము తొలవలేదు కదా, అందుకని ఆ యజమాని ఎక్కడో పొడుగు తూటాలకి తొలిచి ఉన్న పాత జత సంపాదించి బిగించుకున్నాడు. లాకు మీది పేరుకి సరిపోయేట్టు పట్టీ మీద ఎవడిచేతో అచ్చు కొట్టించుకున్నాడు. పట్టీ మీది ఆ కాగితం జూన్‌లోనే పంపావు. ఆకు చూశాక నేను రెండో కాగితం వైపు తిరిగి చూడలేదు. అక్షరం ఒకవైపే నల్లబడిందా చూడమని నీకు పాఠం చెప్పిన వాణ్ని నేను.

మా తప్పేమీ లేదు. మీ నాన్నది లేదు, నాది లేదు. ఈ మాట రాసి కలం కింద పెట్టాను. సంతోషంగా ఉంటుందనుకున్నాను. లేదు.

మీ నాన్న నేనే తొలిచాననుకున్నాడు. నేను అన్న ఆ ‘చూద్దాం’ విన్నాడు కదా. పెళ్లాం మంచంలో ఉంటే అన్నయ్య జైలుకెలా వెళ్తాడని తనే ముందుకి దూకాడు. వాడు నేరం ఒప్పుకున్నాక ఇంక ఆ తుపాకీ విప్పి చూసే అవసరం ఎవరికుంది? అదే వాడు నోరు విప్పకుండా ఉంటే, ఎవడో ఒకడు కొక్కెం దాకా వెళ్లేవాడు. నన్ను కాపాడదామని చూసి, ఇద్దరినీ కాపాడగలిగిన ఒక్క దారీ మూసేశాడు పిచ్చివాడు.

ఇక నా సంగతి. ఇరవై ఆరేళ్లు నేను వాణ్ని క్షమించాననుకుంటూ బతికాను. తమ్ముడి తప్పు కడుపులో పెట్టుకున్న పెద్దమనిషినని లోలోపల గర్వపడ్డాను కూడా. అక్కడ వాడు కూడా నన్ను క్షమించుకుంటూ కూర్చున్నాడు. నా నోటి నుంచి ‘నావల్ల నీకింత అయిందిరా’ అనే ఒక్క మాట కోసం ఆ రోజు నా ముందు నిలబడ్డాడు. ఇప్పుడు అర్థమైంది. అర్థమై ఏం లాభం? ఒక్కసారి, ఒకే ఒక్కసారి, “నువ్వే చేశావా?” అని అడిగి ఉంటే సరిపోయేది. ఒకరినొకరు అడగకూడదని మీ తాత పెట్టిన కట్టడిని పౌరుషంగా పాటించాం.

నీ మీద నాకు కోపం లేదు. నువ్వు గట్టిగా అడిగావు. మా ఇద్దరికీ చేతకానిది అదే.

రిజిస్టరులో రాయి: గొట్టాలు ఈ తుపాకీవి కావు. లాకు స్ప్రింగు వేసిన పనివాడు మీ నాన్న. పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా రాయి. పని బాగా చేశాడని కూడా రాయి. ఆ స్ప్రింగు ఇంకా బిగువుగానే ఉండి ఉంటుంది, నొక్కి చూడు.

ఇంకొక్కటి. ఇది మీ అమ్మకి చెప్పాలి. నీ నోటితో కాదు, నేను వచ్చి చెప్పాలి. రావచ్చో లేదో అడిగి రాయి. వద్దంటే బలవంతం చేయకు.

పెదనాన్న


ఆగస్టు 19

పెదనాన్నా,

మీరు వచ్చేదాకా ఆగలేకపోయాను. తిట్టండి. ఉత్తరాలన్నీ మొదటినుంచీ అమ్మ ముందు పెట్టాను. కళ్లజోడు కనబడక నన్నే చదవమంది. పన్నెండో తారీఖు ఉత్తరం రెండుసార్లు చదివించుకుంది.

స్ప్రింగు నొక్కి చూశాను. వేలు నొప్పి పుట్టేంత బిగువుగా ఉంది. మీరు చెప్పినట్టే రిజిస్టరులో నాన్న పేరు ఇంటిపేరుతో సహా రాశాను. అధికారి సంతకం పెట్టారు.

అమ్మ ఉత్తరాలన్నీ మడతపెట్టి వరసగా పేర్చింది. తర్వాత అంది: “ఆ పని మీ నాన్న చేయలేదని నాకు ముందే తెలుసు. చెప్పకపోయినా తెలుస్తుంది కదా. అందుకే బావగారే చేసి ఉంటారనుకున్నాను. మీ నాన్న పోయిన రోజు ఆయన వచ్చారు. నువ్వు లోపల ఉన్నావు, చూడలేదు. గుమ్మంలో నిలబడి ఒక్కసారి తమ్ముణ్ని చూసి వెళ్లిపోతానమ్మా అన్నారు. నేను తలుపు వేసేశాను.”

మీరు ఇన్ని ఉత్తరాలు రాసి ఒక్కదాంట్లోనూ ఆ మాట ఎత్తలేదు, పెదనాన్నా.

రావచ్చా అని మీరు అడిగారని చెప్పాను. అమ్మ తల అడ్డంగా ఊపింది. “ఆయన్ని రమ్మనడమేమిటి? ఏ ముఖం పెట్టుకుని రమ్మంటాను?” అని అల్మారా తెరిచి చీరలు తీయడం మొదలుపెట్టింది.

ఆదివారం పొద్దున మొదటి బండికి మేమిద్దరం బయల్దేరుతున్నాం. స్టేషనుకి మీరు రావద్దంది. మీ వీధి, మీ గుమ్మం తనకి గుర్తున్నాయంది. తనే వచ్చి మీ తలుపు తడుతుందట. మీరే తీయాలట.

మీ
గడుగ్గాయి